నాలుగు వందల పన్నెండు ‘లేదు’లు

పరిశోధనశాలలో అతన్ని అందరూ భూతద్దం అంటారు. ముప్పై ఏళ్ళుగా మైక్రోస్కోపులో కన్ను పెట్టుకుని కూర్చున్నందుకు వచ్చిన పేరు. ఎదురుగా అయితే భూతద్దంగారు, వెనక ఒట్టి భూతద్దం. అతని పని ఒక్కటే. పట్టణంలో మూడు చోట్ల నుంచి సీసాలు వస్తాయి. కబేళా నుంచి పంది మాంసం ముక్కలు, కూరగాయల బజారు నుంచి ఆకులు కడిగిన నీళ్ళు, ఆసుపత్రి నుంచి మనుషుల మలం. వాటిలో పేగుల్లో పెరిగే బద్దెపురుగు గుడ్లు, దాని పిల్లపురుగులుండే తిత్తులు ఉన్నాయేమో చూసి, రిజిస్టరులో రాసి, పైకి పంపాలి. ఈ పనికి పైవాళ్ళు పెట్టిన పేరు ‘ఆహార పశు మానవ పరాన్నజీవి సమగ్ర నిఘా పరిశోధన’. అంత పేరు బోర్డు మీద పట్టలేదు. చివరి రెండు ముక్కలూ గోడ మీద రాయించారు.

అయిదు నెలల కిందట మైక్రోస్కోపు అద్దానికి బూజు పట్టింది. బాగుచేయించడానికి పంపారు. అది మళ్ళీ తిరిగి రాలేదు. భూతద్దం పదకొండు ఉత్తరాలు రాశాడు. పదకొండింటికీ ‘మీ ఉత్తరం అందినది’ అని జవాబు వచ్చింది. మైక్రోస్కోపు ఆగింది గానీ సీసాలు ఆగలేదు. రోజూ మూడో నాలుగో వచ్చి బల్ల మీద వరసగా నిలబడేవి.

భూతద్దం అబద్ధం రాసే మనిషి కాదు. చూడకుండా ‘ఉంది’ అనో ‘లేదు’ అనో రాయడం అతని వంశంలోనే లేదు. అందుకని ప్రతి సీసాకీ ఎదురుగా గుండ్రటి అక్షరాలతో ‘చూడలేదు’ అని రాసి, పక్కన సంతకం పెట్టి, సీసా పారబోయించి, సబ్బుతో చేతులు కడుక్కుని ఇంటికి వెళ్ళేవాడు. అలా నాలుగు వందల పన్నెండు సార్లు కడుక్కున్నాడు. నిజం రాసినవాడికి నిద్ర బాగా పడుతుందంటారు. అతనికీ పట్టేది.

ఆ సోమవారం అతని చెల్లెలు కుట్టుమిషను మీద పడిపోయింది. చేతులూ కాళ్ళూ కొట్టుకున్నాయి, నోటి వెంట నురగ వచ్చింది. భర్త ఆసుపత్రికి మోసుకొచ్చాడు. భూతద్దం వెళ్ళేసరికి తల లోపలి ఫోటో తీయడం కూడా అయిపోయింది. చిన్న డాక్టరు దాన్ని దీపానికి అడ్డంపెట్టి చూపించాడు.

“ఇదిగో, ఈ మచ్చ. రెండింట్లో ఏదో ఒకటి. పురుగు తిత్తి అయితే మాత్రలతో పోతుంది. గడ్డ అయితే కోత. నా కంటికి తిత్తిలాగే ఉంది.”

“అయితే మాత్రలివ్వండి.”

“ఇవ్వకూడదండి. నిబంధన ఉంది. ఆ పురుగు ఈ ఊళ్ళో ఉందని నిఘా నివేదికలో ఉంటేనే ఇవ్వాలి. పురుగు లేని ఊళ్ళో మచ్చ కనబడితే గడ్డ కిందే లెక్క. తెరిచి చూడాలి. పెద్ద డాక్టరుగారు గురువారం పొద్దున పెట్టుకున్నారు.”

“తెరిస్తే?”

చిన్న డాక్టరు ఫోటో కిందికి దించాడు. “మచ్చ ఉన్నది మాట పుట్టే చోటండి. కత్తి తగిలితే మాట పోవచ్చు. పోకపోవచ్చు కూడా.”

“పురుగు లేదని ఎవడు చెప్పాడు?”

“మీరేగా. నాలుగు వందల పన్నెండు నమూనాలట, ఒక్కదాంట్లోనూ లేదట. కింద మీ సంతకమే ఉంది.”

భూతద్దం నోట మాట రాలేదు. ఏ కత్తీ తగలకుండానే పోయింది.

మంచం మీద చెల్లెలు అప్పటికే లేచి కూర్చుని పక్క మంచాలవాళ్ళ జబ్బులన్నీ కనుక్కుంటోంది. ఆవిడ నోరు నిద్రలో తప్ప ఆగదు. నలభై ఏళ్ళ మనిషి, ఊరి పొలిమేర దాటి ఎరగదు. బస్సెక్కితే వాంతులు.

“అన్నయ్యా, తల కోస్తారటగా? జుట్టంతా తీసేస్తారా?”

“తీస్తారు.”

“మాట పడిపోవచ్చన్నారు. మీ బావగారి మొహం చూడు, లోపల్లోపల ఎంత సంతోషమో.”

భర్త గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడు. ఆమె ఆ సంగతి చూసి, చూడనట్టు దుప్పటి సర్దుకుంది. “ఎక్కడిది అన్నయ్యా ఈ పురుగు? నేను మాంసం ముట్టనుగా.”

“మాంసం తిన్నవాడి కడుపులో పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు వాడి మలంలోంచి మురుగులోకి వస్తాయి. ఆ మురుగే ఆకుల మడికి పారిస్తే నువ్వు పచ్చి ఆకులు తిన్నావు.”

“ఛీ! ఎవడో తిన్నదానికి నా తలా? నువ్వు చూసేది ఇవేగా? మరి చూశావా?”

అతను నీళ్ళు తెస్తానని లేచాడు.

రిజిస్టరులో రాసినవన్నీ కంప్యూటరులోకి ఎక్కించే గది రెండో అంతస్తులో ఉంది. ఎంట్రీ అమ్మాయి అరటిపండు తింటూ, అతను చెప్పిందంతా విని, పండు పూర్తిచేసి తొక్క కాగితంలో చుట్టింది.

“నేను ఉన్నదున్నట్టే కొట్టానండి. ఈ గడి చూడండి. ఇందులో రెండే పడతాయి. ఉంది, లేదు.”

“నేను రాసింది చూడలేదు అని కదమ్మా!”

“చివర లేదు ఉంది కదండీ. ముందున్న ‘చూడ’ గడిలో పట్టలేదు, తీసేశాను.”

“ముక్క తీసేస్తే అర్థమే మారిపోతుంది కదా!”

“మొదటిరోజే పైవాళ్ళని అడిగానండి. ‘చివరి మాట ఏదైతే అదే కొట్టు’ అన్నారు. మీరు ‘చూడటం జరగలేదు’ అని రాసినా లేదే. ‘మైక్రోస్కోపు లేదు’ అని రాసినా లేదే.” ఆమె కుర్చీ ఇటు తిప్పింది. “అయినా ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి భూతద్దంగారూ. రోడ్డుకి అవతల కాలేజీలో పది మైక్రోస్కోపులున్నాయి కదా. మా తమ్ముడు అక్కడే చదువుతాడు. అయిదు నెలల్లో ఒక్కసారి రోడ్డు దాటలేకపోయారా?”

“అది మన శాఖ కాదు.”

“ఓహో,” అంది ఎంట్రీ అమ్మాయి, కుర్చీ మళ్ళీ కంప్యూటరు వైపు తిప్పుకుంటూ.

మంగళవారం భూతద్దం రోడ్డు దాటాడు. నూట నలభై అడుగులు. ఆ రోజు వచ్చిన సీసాలూ, పారబోసే మనిషి వారంగా రాక మూల పోగుపడిన సీసాలూ కలిపి ముప్పై, గంపలో పెట్టుకుని వెళ్ళాడు. కాలేజీ మేడమ్ ఎవరో ఒక మైక్రోస్కోపు చూపించి, “సాయంత్రం దాకా మీదే” అని వెళ్ళిపోయింది. కాగితం అడగలేదు, సంతకం అడగలేదు. అంత తేలిగ్గా అయిపోవడం అతనికి చెంపదెబ్బలా తగిలింది.

పది మలం సీసాల్లో రెండింట బద్దెపురుగు గుడ్లు. ఆకులు కడిగిన నీళ్ళు పది చూస్తే మూడింట. ఇక మాంసం ముక్కలు. మొదటిది గాజుపలక మీద పెట్టబోతూ ఆగాడు. ఎర్రటి కండలో బియ్యపు గింజల్లాగా తెల్లటి తిత్తులు. పక్కపక్కనే ఆరు. పట్టకారుతో నొక్కితే ఒకటి చిట్లి నీరు కారింది. దానికి మైక్రోస్కోపు అక్కర్లేదు. భూతద్దం కూడా అక్కర్లేదు. సీసా మూత తీసి చూసే ఓపిక ఉన్న ఎవడికైనా కనబడుతుంది. అయిదు నెలలుగా అలాంటి సీసాలు మూత తీయకుండానే పారబోయించాడు. ప్రతిదానికీ నిజమే రాశాడు. చూడలేదు.

బుధవారం పొద్దున్నే డైరెక్టరు గది ముందు నిలబడ్డాడు. గది బయట గోడకి కొత్త ఫలకం ఆనించి ఉంది, రంగు ఇంకా ఆరలేదు. ‘పురుగు లేని పట్టణానికి స్వాగతం’. ఊరి మొదట్లో పాతడానికి సిద్ధం చేశారు. డైరెక్టరు మంచివాడని పేరు. ఎవరినీ కసరడు, ఎవరి పనీ చేయడు.

“రండి భూతద్దంగారూ. చెల్లెమ్మ సంగతి విన్నాను. మనసు కలుక్కుమందండీ. టీ చెప్పమంటారా?”

భూతద్దం టీ వద్దన్నాడు. జరిగింది చెప్పి, ముప్పై సీసాల ఫలితాల కాగితం బల్ల మీద పెట్టాడు. డైరెక్టరు కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివాడు, ఒక అక్షరదోషం కూడా దిద్దాడు.

“బాగా చేశారు. కానీ ఇది చూసినట్టు కాదే.”

“నా కళ్ళతో చూశానండి.”

“ఎవరి మైక్రోస్కోపుతో? కాలేజీది. మన ఆస్తుల జాబితాలో లేనిదానితో చూస్తే అది చూడటం కిందికి రాదు.”

“మాంసం ఒట్టి కంటితో చూశాను.”

“మీ కన్ను ఉందా జాబితాలో?”

డైరెక్టరు నవ్వలేదు. నిజంగానే అడిగాడు. భూతద్దానికి ఒళ్ళు మండింది.

“ఏమండీ, ఆ నివేదిక తప్పు. ఆ ‘లేదు’ నాది కాదు. రేపు పొద్దున మా చెల్లి తల కోస్తారు. ఒక్క వాక్యం దిద్దండి, చాలు.”

“నివేదిక అచ్చయిపోయింది. శుక్రవారం బయటి దేశాల నుంచి పన్నెండుమంది వస్తున్నారు, మన ఊరు చూసి నేర్చుకుపోవడానికి. పిలిచిన పెళ్ళివారు గడపలో ఉండగా పిల్లకి మెల్లకన్నని చెప్పమంటారా?” డైరెక్టరు సొరుగు తీశాడు. “కోపం పక్కన పెట్టి వినండి. నిబంధనలు చదవరు మీరెవరూ, అదీ మన బాధ. ఏడోది ఏమంటుంది? రోగి మూడు నెలలు బయట ఊళ్ళో ఉండి వచ్చిందనుకోండి, పురుగు అక్కడ అంటుకుందనుకోండి, అప్పుడు మన నివేదికతో పనిలేదు. మాత్రలు ఈ పూటే మొదలుపెట్టొచ్చు. ఆరోగ్య శాఖలో పనిచేసే దగ్గర బంధువు ఎవరైనా రాసిస్తే చాలు. మీకంటే దగ్గరివాళ్ళెవరు?”

“ఆవిడ ఈ ఊరు దాటి ఎరగదు.”

“తెలుసు.”

“అబద్ధం రాయమంటున్నారా?”

“నేనెందుకంటాను? రాయడం మానేయండి. రేపు కోస్తారు.” డైరెక్టరు ఖాళీ కాగితం ముందుకి జరిపాడు. ఫలితాల కాగితాన్ని అంతే మెల్లగా తనవైపు లాక్కున్నాడు. “మీకు మందు కావాలా, మాట నెగ్గాలా? రెండూ ఒక్క రోజులో దొరకవు, భూతద్దంగారూ. ఆ ముప్పై సీసాల కాగితం నా దగ్గరే ఉంటుంది. మీకూ నాకూ మంచిది.”

గోడ గడియారం పదకొండు కొట్టింది. భూతద్దం రాశాడు. తన చెల్లెలు ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా పొరుగు దేశంలో దూరపు చుట్టాల ఇంట్లో ఉందని, అక్కడ పచ్చి ఆకులు తిన్నదని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టాడు. సంతకం ఏమాత్రం వణకలేదు. అదొక్కటే అతన్ని భయపెట్టింది.

మధ్యాహ్నానికి మొదటి మాత్ర పడింది. చిన్న డాక్టరు కాగితం చదివి, ఆమెను చూసి, భూతద్దాన్ని చూసి, ఏమీ అడక్కుండా చీటీ రాశాడు. గురువారం పేర్ల పట్టీలోంచి ఆమె పేరు కొట్టేశారు. భర్త మందుల సంచీని రెండు చేతులతో పట్టుకుని, “మీ రుణం తీర్చుకోలేను బావగారూ” అన్నాడు. చెల్లెలికి మాత్రం తిక్క రేగింది.

“పొరుగు దేశం వెళ్ళొచ్చానా? నేనా? మూడు నెలలా? నర్సమ్మ అడుగుతోంది, అక్కడ చలి ఎలా ఉంటుందని! ఏం చెప్పను?”

“చలేనని చెప్పు.”

“చుట్టాలెవరు?”

“దూరపువాళ్ళు.”

“ఎంత దూరం?”

“ఇక చాలు, ఊరుకోవే.”

“ఊరుకోవడానికా ఇన్ని పాట్లు పడి నా నోరు నిలబెట్టావు?” ఆమె గొంతు తగ్గించింది. “అన్నయ్యా, నిజం చెప్పు. పురుగు ఇక్కడిదేగా? బజారులో అదే మడి ఆకులు రేపూ అమ్ముతారుగా? ఆ సంగతి ఎవరికి చెప్పావు?”

“చెప్పాను.”

“ఏమన్నారు?”

అతను సంచీలోంచి మాత్రలు తీసి మళ్ళీ లెక్కపెట్టాడు. ఏం రాశాడో, బదులుగా ఏది వదిలేసి వచ్చాడో చెల్లెలికి అర్థమైపోయింది. జీవితంలో మొదటిసారి ఆమె తనంతట తనే నోరు మూసుకుంది. ఆ మౌనం అతను భరించలేక వరండాలోకి వచ్చాడు.

వరండాలో ఒక ముసలావిడ అతని కోసమే కాచుకుని ఉంది. అవతలి మంచం మీదున్న మనిషి తల్లి. కొడుక్కి కూడా తలలో మచ్చే. చెల్లెలి పేరు కొట్టేయగా రేపు ఖాళీ అయిన వేళకి అతన్ని పెట్టారు. ఆసుపత్రిలో ఒక మంచం దగ్గర అన్న మాట అన్ని మంచాలకీ వినబడుతుంది.

“బాబూ, మీరు రాస్తే మాత్రలిస్తారట గదా.”

“అది చుట్టాలే రాయాలమ్మా. నాకు మీరేమీ కారు.”

“అవుతాను బాబూ. పెద్దమ్మననుకోండి, పిన్నిననుకోండి. మీ అమ్మ వైపో నాన్న వైపో, ఎటు వీలైతే అటు.” ఆవిడ కొంగులో మడిచి తెచ్చిన తెల్లకాగితం తీసి కిటికీ గట్టు మీద పరిచింది, ముడతలు అరచేత్తో సాఫుచేసింది. “మావాడు కబేళాలో కోతపనివాడు. ఒక్క రోజు కూడా పని మానలేదు, ఎక్కడికీ పోలేదు. వాణ్ణి కూడా ఏదో ఒక ఊరు పంపించండి.”

ఆవిడ వెనక మరో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. ఒకామె చేతిలోనూ కాగితం ఉంది.

భూతద్దం జేబులోంచి కలం తీశాడు. ఎవరివంకా చూడకుండా అడిగాడు.

“ఏ ఊరు రాయను, పిన్నీ?”