చూడకుండా కొట్టిన అక్షరం

ఆదోనిలో ఆ నూలు మిల్లు ఆఫీసులోకి కంప్యూటరు వచ్చిన రోజు నుంచి కృపమ్మకు ముద్ద మింగుడు పడలేదు. అది ఎనభై ఏడో సంవత్సరం. మేనేజరు శ్రీపాదరావు యంత్రానికి కొబ్బరికాయ కొట్టించి, హారతి ఇప్పించి, నెలాఖరుకల్లా బేసిక్ అనే కంప్యూటరు భాష నేర్చినవాళ్లకే దాని ముందు కుర్చీ అన్నాడు. టైపు మిషను సీటు ఇక ఉండదని కూడా అన్నాడు. ఆ సీటు కృపమ్మది. ఎమ్మిగనూరులో నడుము పట్టేసి మంచానపడ్డ తండ్రి యేసేపుకూ, ఆమెకూ ఆ జీతమే దిక్కు. భయపడక ఏం చేస్తుంది మరి.

నేర్పడానికి పంతులంటూ ఎవరూ లేరు. బెంగుళూరు నుంచి వచ్చిన ఒకే ఒక్క ఫ్లాపీ డిస్కులో పన్నెండు పాఠాలున్నాయి. దాన్ని యంత్రంలో పెడితే తెర వెలిగి, పేరు అడిగి, ప్రశ్న వేసి, జవాబు కోసం కాచుకుని కూర్చుంటుంది. తప్పు కొట్టామా, 'తప్పు, కృపమ్మా, మళ్లీ చెప్పు' అని ఇంగ్లీషులో పేరు పెట్టి మరీ దెప్పుతుంది. తెరమీద తన పేరు కనపడినప్పుడల్లా ఆమె వేళ్లు చల్లబడిపోయేవి.

అందుకే ఫ్లాపీతో వచ్చిన చిన్న పుస్తకం చూసి, మర్నాటి జవాబులు ముందు రోజే కాగితం మీద రాసుకునేది. ఎమ్మిగనూరు నుంచి పొద్దున వచ్చేటప్పుడు, ఉరుకుంద తిరునాళ్ల జనంతో కిక్కిరిసిన బస్సులో నిలబడి వల్లించేది. వచ్చి చకచకా కొట్టేసేది. అక్కడే వచ్చింది తంటా. టైపు నేర్పిన కాశప్ప మాస్టారు చండశాసనుడు. చూపు కాగితం దాటిందంటే స్కేలు దెబ్బ పడేది. "యాడ సూస్తాండావు? కాయితం సూడు. వేళ్లకు కండ్లుండాయి" అనేవాడు. నాలుగేళ్లు తిన్న దెబ్బలు ఊరికే పోతాయా?

తొమ్మిదో పాఠం నాడు మధ్యాహ్నం గదిలో ఆమె ఒక్కతే ఉంది. కాగితంలో ఒక వరుస దాటేసింది. పొరపాటు ఆజ్ఞ పడేసరికి, ఫ్లాపీలో ఉన్నదంతా చెరిపేయమంటారా, అవునంటే వై నొక్కండి అని యంత్రం అడిగింది. పాపం, అది మర్యాదగానే అడిగింది. ఈమె తల ఎత్తితే కదా. కాగితంలో తరువాతి అక్షరం వై. కొట్టేసింది.

తల ఎత్తేసరికి తెర నల్లగా ఉంది. ఫ్లాపీ తీసింది, మళ్లీ పెట్టింది. అందులో ఏమీ లేదు. దేవుడా, ఇప్పుడెట్లా అనుకుంది. చూసినవాళ్లు ఎవరూ లేరు. కాగితం మడిచి జాకెట్లో దోపుకుని, చప్పుడు చేయకుండా బయటికి వచ్చేసింది.

మూడింటికి వంతు తపాలా గుమాస్తా భీమరావుది. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్లుంది. ముట్టుకుంటే యంత్రం చెడిపోతుందని మొదటి రోజు నుంచీ వణికే మనిషి. ఆయన కూర్చుని ఏదో మీట నొక్కాడు. పాఠం రాలేదు. ఇంకేముంది, తనే చెడగొట్టానని చెమటలు కక్కుతూ మేనేజరు దగ్గరికి పరుగెత్తాడు.

"నేనే సార్. ఏం నొక్కినానో నాకే తెలీదు" అంటున్నాడు భీమరావు.

"రేపట్నుంచి గోడౌన్లో దూది బేళ్లు లెక్క రాసుకోండి. ఈ గదిలోకి రావద్దు" అన్నాడు శ్రీపాదరావు.

గోడౌన్ అంటే దూది దుమ్ము. భీమరావుకు ఉబ్బసం. అది ఆఫీసులో అందరికీ తెలుసు. గుమ్మం బయట కృపమ్మ అంతా వింది. సీటు పోతే పోనీ అనుకుని, ఎట్లాగో గడప దాటింది.

"సార్, చెరిపింది నేను. భీమరావు సార్ రాకముందే పోయినాయి పాఠాలు."

శ్రీపాదరావు ఆమెను ఎగాదిగా చూసి, మెల్లగా నవ్వాడు. "పెద్దాయన మీద జాలితో చెప్తాండావు. ఎనిమిది పాఠాలు అందరికన్నా చక్కగా చేసినదానివి, నువ్వెందుకు చెరుపుతావమ్మా? మంచి మనసు నీది. కొత్త ఫ్లాపీ తెప్పిస్తాను. ఆయన మాత్రం గోడౌన్లోనే. ఆ కుర్చీ నీదే, పో."

నేనే, సార్, నేనే, అని ఇంకొక్కసారి అంటే సరిపోయేది. మంచంలో తండ్రి కళ్లముందు కదిలాడు. వెనక్కి తిరిగి గడప దాటేసింది.

వెనకే వచ్చిన భీమరావు వరండాలో రెండు చేతులూ జోడించాడు. "నా కోసం అబద్ధమాడినావు తల్లీ. నా కూతురు కూడా ఇంత సేయదు" అన్నాడు.

జాకెట్లో దోపుకున్న కాగితం గుచ్చుకుంటుంటే, కృపమ్మ తల వంచుకుని తన సీటు వైపు నడిచింది.