గోరు చప్పుడు

మా అత్తగారి దుప్పట్లు ఎడమపక్కనే చిరుగుతాయి. నష్టం ఎక్కడొస్తోందో చూడకుండా కొత్తవి కొనే అలవాటు నాకు లేదు. ఉతికి ఆరేస్తూ చూశాను. ప్రతి దుప్పటికీ చిరుగు ఒకేచోట, చూపుడువేలు ఆనేచోట. పక్షవాతం వచ్చి కుడివైపూ మాటా పోయాక సుబ్బులుగారిలో కదిలేది ఆ ఎడమచెయ్యి ఒక్కటే. పొద్దస్తమానం గోటితో పరుపును గీకుతూనే ఉంటుంది. కళ్ళు మాత్రం పైకప్పు మీదే.

"గా చెయ్యి ఊకుంటలేదక్కా. ఎవల్నో పిలుస్తున్నట్టే ఉంటది. నాకైతే మస్తు భయమైతది" అంటుంది ఆమెను చూసుకునే దుర్గమ్మ.

"నరాల జబ్బది. పట్టించుకోకు" అంటారు మా ఆయన తేజేష్.

నాచారంలో మా కొట్టు ముందు, ఇల్లు వెనక. బొమ్మ రైలు పెట్టెలకు అసలు రైళ్ళ రంగులు వేసి, అక్షరాలు రాసి అమ్ముతాం. బోర్డు మీద పేరు పోయిన మా మామగారిది, సత్యనారాయణమూర్తి. ఆయన రాత కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారట. బిల్లు మీద సంతకం మా ఆయనది. ఉప్పల్ వెళ్ళి రంగులు తెచ్చేది, చర్లపల్లి పట్టాల పక్కన నిలబడి అసలు పెట్టె రంగు ఎండలో ఎలా మారుతుందో చూసొచ్చేది, కలిపేది, రాసేది, మధ్యలో లేచి పప్పు దించేది నేను. "ఇంట్లో మనిషివి, నీకు పేరెందుకే?" అని మా ఆయన ఒకసారి నవ్వారు. ఆ మాటను ఏ పద్దులో వేసుకోవాలో నాకింకా తేలలేదు.

నేను పనిలో కూర్చుంటే పక్కగదిలో ఆ గోరు నా కుంచెతో పాటే నడుస్తుంది. నా గీత తప్పితే చప్పున ఆగిపోతుంది. మధ్యన గోడ ఉంది. దయ్యాలను నేను లెక్కలోకి తీసుకోను. అయినా గోరు ఆగిందంటే ఆ అక్షరం తుడిచేస్తాను. అలా చేసి ఎప్పుడూ నష్టపోలేదు.

మామగారి నాటి నుంచి మా కొట్టుకు వచ్చే చిదంబరంగారు అడిగింది ఆవిరి ఇంజన్ల నాటి ముదురు ఎరుపు పెట్టె. తలుపు పక్కన ‘స్త్రీలు’ అని మూర్తిగారి రాతలోనే ఉండాలట.

"నాన్న పోయేముందు రాసిపెట్టిందని చెప్తాను. నువ్వు నోరు విప్పకు" అన్నారు మా ఆయన. చిదంబరంగారు వచ్చే వేళకు గీకుడు వినపడకూడదని తల్లి చేతిని తువ్వాలుతో మంచానికి కట్టేసి బయటికెళ్ళారు.

ఆ మధ్యాహ్నం ఇల్లంతా ఊపిరి బిగబట్టినట్టుంది. అక్షరానికి పొగచూరిన పసుపు సరిగ్గా కుదిరింది, అక్షరమే కుదరలేదు. నమూనాకని మామగారి పాత పెట్టెను భూతద్దం కింద పెట్టాను. కుంచె మొదట ఆనినచోట రంగు ముద్దగా ఉంటుంది, ఎత్తినచోట సన్నబడుతుంది. ఇందులో ప్రతి అడ్డగీతా కుడినుంచి ఎడమకు సన్నబడింది. ఎడమచేతివాళ్ళ గీత అది. మామగారిది కుడిచేతి వాటం.

అప్పుడు లెక్క కుదిరింది. అత్తగారు మంచాన పడ్డ నెలలోనే, చూపు మందగించిందని ఆయన కుంచె మానేశారు. రెండు కొట్లు ఒకేసారి మూతపడ్డాయంటే సరుకు ఒకచోటి నుంచే వచ్చేదన్నమాట. ఆ రాత అత్తగారిది.

వెళ్ళి కట్టు విప్పాను. ఆ వేళ్ళ మధ్య కుంచె పెట్టి, పెట్టెను దగ్గరగా పట్టుకున్నాను. ఆమె చూపు పైకప్పు నుంచి కదల్లేదు. చల్లటి చెయ్యి మాత్రం తనే దారి వెతుక్కుంటూ తలుపు పక్కకు వచ్చింది. ‘స్త్రీలు’ అని రాసింది. ఒక్కసారి కూడా చూడకుండా.

సాయంత్రం చిదంబరంగారు పెట్టెను చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. "అచ్చం మూర్తిగారి చెయ్యే!" అన్నారు. పక్కగదిలో గోరు నెమ్మదిగా నడుస్తోంది. కట్టేశాను కదా అన్నట్టు మా ఆయన నావైపు చూశారు.

"నాన్న చివరి పెట్టె సార్" అన్నారు, అటు తిరిగి.

గోరు టక్కున ఆగింది.

తప్పయిన అక్షరాన్ని నేనెప్పుడూ ఉంచలేదు.

"ఇది రాసిన మనిషి పోలేదండీ. ఆ గదిలోనే ఉన్నారు, మా అత్తగారు సుబ్బులుగారు. రండి, చూపిస్తాను" అన్నాను.

"ఆమనీ!" మా ఆయన తలుపుకు అడ్డం వచ్చారు.

ఆయన వెనక, గోరు మళ్ళీ మొదలైంది.