కొలిచి పెట్టిన మేత

మా పక్కింటి కనకమహాలక్ష్మితో మాట్లాడటం మానేసి ఎనిమిది నెలలైంది. తిట్టుకోవడం మాత్రం మానలేదు. ఆమెది రాజమండ్రి వైపు, లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. మాది జనగామ వైపు. నాచారంలో ఒకే గోడకు అటు ఆమె, ఇటు మేము. గోడను ఆనుకుని మా రేకుల షెడ్డు, అందులో మా గుర్రంపిల్ల ముత్యం. లద్ది వాసన, ఈగలు, తెల్లవారకముందే సకిలింపులు అని ఆవిడ మున్సిపాలిటీకి రెండుసార్లు కాగితం పెట్టింది. రెండుసార్లూ నేను ఆమె గేటు ముందు నిలబడి నాలుగు కడిగేసి వచ్చాను.

బరాత్‌కు పెళ్లికొడుకుల్ని ఎక్కించే గుర్రాలు మా మామ సాంబయ్య బతుకు. మా ఆయన ఉపేందర్‌కు ఆ పని ఎక్కలేదు, ట్రాలీ ఆటో నడుపుతాడు. నేను ఇక్కడే ఫ్యాక్టరీలో మాత్రలు ప్యాకింగ్ చేస్తాను. పొద్దున ఎనిమిదికి పోతే మళ్లీ సాయంత్రం ఐదున్నరకే. పోయినేడు మామ ఆరునెలల ముత్యాన్ని కొనుక్కొచ్చాడు. మళ్లీ ఒక్కసారి బ్యాండు వెనక కళ్లెం పట్టుకుని నడవాలి, అదే ఆయన కోరిక. పెద్దయ్యాక ముత్యం తెల్లబడుతుంది, ఇప్పుడు మాత్రం బూడిద పూసిన నలుపు. దాన్ని నల్లగుర్రం అనుకుని, శనిబాధ పోవడానికి నాడా ఇవ్వమని వాడకట్టులో ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. దానికింకా నాడాలే కొట్టలేదు మొర్రో అన్నా నమ్మరు.

వానలు తగ్గేసరికి ముత్యం ముందుకాళ్లు, మోకాళ్లకు కాస్త పైన, ఉబ్బాయి. పడుకుని లేవాలంటే మూలిగేది. ఉప్పల్ నుంచి పశువుల డాక్టర్ గిరిప్రసాద్‌ను పిలిపించాను. ఆయన వాపు మీద బొటనవేలితో నొక్కితే ముత్యం తల ఎగరేసింది.

"దెబ్బ కాదు, బెణుకూ కాదు. తిండి ఎక్కువైంది," అన్నాడు డాక్టర్. "ఈ వయసులో ఎముక చివర్లు ఇంకా గట్టిపడవు. మీరేమో ఉలవలు, బెల్లం, గోధుమ పొట్టు కుక్కి కుక్కి పెడుతున్నారు. ఒళ్లు ముందు పెరిగిపోతోంది, ఎముక దాన్ని మోయలేకపోతోంది. పైగా పొట్టులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అన్నీ ఆపేయండి. ఎండుగడ్డి తిన్నంత, లూసర్న్ గడ్డి రెండు కిలోలు, మినరల్ మిక్చర్ రోజుకు యాభై గ్రాములు. అంతే."

"ఆపకపోతే?" అన్నాను.

"రెండేళ్లు నిండేలోపు తగ్గకపోతే కాళ్లు వంకరగానే గట్టిపడతాయి. ఇక మనిషిని మోయలేదు."

మామకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నలభై గుర్రాలను ఉలవల మీదనే సాకిన. ఆకలికి సచ్చిన గుర్రాన్ని సూసిన గని, తిండెక్కువై కుంటిదైన గుర్రాన్ని యాడ జూడలే. నీ చేతులు మొరటు, గందుకే అది బెదిరింది," అన్నాడు డాక్టర్‌తో. అంటున్నది ఆయనతో, చూస్తున్నది మాత్రం నా వైపు.

ఎందుకు చూశాడో నాకు తెలుసు. కరోనా ఏడాది పెళ్లిళ్లు ఆగిపోయాయి, చెంగిచెర్ల నుంచి గడ్డి బండి రావడం ఆగిపోయింది. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. అప్పుడు మాకున్న తెల్లగుర్రం చాందినికి నేనే రోజూ స్టీలు గ్లాసుతో గింజలు కొలిచి పెట్టేదాన్ని, అవీ గ్లాసుకు సగమే. జూన్‌లో అది పోయింది. మామ ఆ రోజు నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ మండింది.

డాక్టర్ వెళ్లాక ముత్యం మోకాలి పైన దారం చుట్టి, రెండు కొసలు కలిసినచోట తెంపి దాచాను. ఆదివారం ఆదివారం కొలిచి చూద్దామని. పొద్దున నేనే మేత కొలిచి పెట్టి డ్యూటీకి పోయేదాన్ని. మూడు ఆదివారాలైంది. దారం కొసలు కలవాల్సింది పోయి, వాటి మధ్య వేలెడు సందు తేలింది. ఇంత కట్టుదిట్టంగా పెడుతుంటే వాపు పెరగడమేమిటి?

ఆ మంగళవారం డ్యూటీ నుంచి వచ్చేసరికి, కనకమహాలక్ష్మి స్టూలెక్కి గోడ మీంచి స్టీలు గిన్నె చాపి ఉంది. ముత్యం అందులో మూతి పెట్టి తింటోంది. నేను ఒంటికాలి మీద లేచాను.

"ఏంది టీచరమ్మా? మా గుర్రానికి ఏం బెడుతున్నవ్?"

ఆమె కంగారు పడలేదు. "ఉలవలు. మా అమ్మాయి హరిచందనకి ఏ ఉద్యోగమూ నిలవట్లేదు. కేతువు బాగాలేదు, మంగళవారం మంగళవారం నానబెట్టిన ఉలవలు గుర్రానికి పెట్టమన్నారు. గుప్పెడు గింజలకి ఇంత రాద్ధాంతమా?"

"మున్సిపాలిటీకి రాసేటప్పుడేమో కంపు గొట్టే గుర్రం. దోషం బోవాల్నంటే గదే గుర్రం దేవుడైందా? నీ బిడ్డ నౌకరి కోసం నా ముత్యం కుంటిది గావాల్నా?"

గల్లీలో జనం పోగయ్యారు. జనాన్ని చూస్తే నా నోరు ఇంకాస్త లేస్తుంది. "ఉలవలు మీరే చారు పెట్టుకొని తాగుతరు గదా, మీ ఇంట్లనే తాగుండ్రి. మీరు, మీ కేతువు!"

ఆమె మొహం కందిపోయింది. స్టూలు దిగలేదు, గొంతు పెంచలేదు. పిల్లలకు లెక్క తప్పు చూపించే గొంతుతోనే అంది.

"అవునమ్మా, ఉలవచారు తాగే పెరిగాను. అందుకే ఉలవలు ఉడికే వాసన నాకు బాగా తెలుసు. నేను పెట్టేది వారానికో గుప్పెడు. మీ షెడ్డు వెనక రోజూ పదకొండింటికి గిన్నెడు ఉడుకుతున్నాయి. ముందు మీ ఇంట్లో పొయ్యి సంగతి చూసుకో, తర్వాత నా గోడ మీదకి రా."

తప్పించుకోవడానికి అబద్ధమాడుతోందని అందరి ముందూ అన్నాను. కానీ ఆ రాత్రి అన్నం సయించలేదు. కనకమహాలక్ష్మి ఎన్నో మాటలు అంటుంది కానీ, అబద్ధం ఆడినట్టు నాకు గుర్తులేదు. అందుకే ఆమెను చూస్తే అంత ఒళ్లు మంట.

మర్నాడు పర్మిషన్ పెట్టి పదకొండింటికి వచ్చేశాను. గల్లీ మలుపులోనే వాసన తగిలింది. షెడ్డు వెనక చిన్న గ్యాస్ పొయ్యి, దాని మీద గిన్నె, పక్కన మామ. జీను, జరీ గుడ్డలు దాచే ఇనప పెట్టె తెరిచి ఉంది, అందులో ఉలవల బస్తా. ఇన్నాళ్లూ ఆ పెట్టెకు తాళం ఎందుకేస్తున్నాడో నేను ఆలోచించనే లేదు. గిన్నె దింపి బెల్లం కలుపుతుంటే ముత్యం లోపలి నుంచి సకిలించింది. దానికి వేళ కూడా తెలిసిపోయింది.

"మామా, నువ్వా?"

ఆయన ఉలిక్కిపడలేదు. "నేనే. డాక్టర్ జెప్పింది గూడ పెడుతున్న, నాకు ఎరికున్నది గూడ పెడుతున్న. గడ్డి మేసి గుర్రం నిలవడ్తదా?"

"దాని కాళ్లు సూస్తున్నవా అసలు?"

"కాళ్లా? గప్పుడు గూడ నువ్వే కొల్చి పెట్టినవ్ స్వర్ణా. గిలాసతోని. చాందిని నా కండ్ల ముందల ఎండి ఎండి సచ్చింది. గిప్పుడు గూడ కొల్చుడేనా? నా పానం ఉండంగ ఈ ఇంట్ల గుర్రం ఆకలి గాదు."

ఇన్నేళ్లూ అనని మాట అనేశాడు. నాకు ఏడుపు రావాలి, కోపమే వచ్చింది. ఆ గిన్నె ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది.

"అవ్ మామా, కొల్చిన. ఇంట్ల లేకుండె, పిల్లలకు పెట్టి మిగిలింది దానికి కొల్చిన. అది నా చేతులనే సచ్చింది, ఒప్పుకుంట. ఇది నీ చేతుల కుంటిదైతున్నది. నువ్వు గూడ ఒప్పుకో."

"నా చేతులనా?" అంటూ గిన్నె అక్కడే పెట్టి విసురుగా లోపలికి పోయాడు. నేనూ వెంట పోయాను. "పాంవ్," అన్నాడు ముత్యంతో. ఆ ఒక్క మాటకు అది కాలెత్తి ఆయన అరచేతిలో పెట్టేది. మరెవరికీ ఇచ్చేది కాదు. ఇవాళ ఎత్తలేదు. మళ్లీ అన్నాడు, ఎత్తలేదు. వంగి, డాక్టర్ నొక్కిన చోటే తన బొటనవేలితో మెల్లగా నొక్కాడు.

ముత్యం చెవులు వెనక్కి పడేసి గోడకు నక్కింది. ఆయన మళ్లీ చెయ్యి చాపితే మొహం అటు తిప్పుకుంది. మొరటు చేతులు డాక్టరువి అనడానికి ఇప్పుడక్కడ డాక్టర్ లేడు. మామ చాపిన చెయ్యి అలాగే ఉంది, వేళ్లకు బెల్లం అంటుకుని.

ఆ మధ్యాహ్నం ఉలవల బస్తా ఈడ్చుకుంటూ పోయి కనకమహాలక్ష్మి గేటు ముందు పడేశాడు. "నీ కేతువుకు పెట్టుకో, చారు పెట్టుకో. నా ముత్యం జోలికి మాత్రం రాకు!"

"గుర్రానికి పెట్టి మిగిల్చినవి నాకెందుకండీ? తీసుకుపోండి!" అని ఆవిడ లోపలి నుంచే కేకేసింది. ఇద్దరూ ముట్టలేదు. రెండు రోజులు రెండు గేట్ల మధ్య పడి ఉంది, ఎవరివో మేకలు వచ్చి సగం తినేశాయి. స్టూలు మాత్రం గోడ దగ్గర మళ్లీ కనపడలేదు.

మామ నాతో మాట్లాడటం మానేశాడు. షెడ్డు ఊడుస్తాడు, నీళ్లు పెడతాడు, మేత మాత్రం ముట్టడు. నేను మేత వేసేటప్పుడు దూరంగా కూర్చుని, దొంగను చూసినట్టు నన్ను చూసేవాడు. నేనూ తగ్గలేదు. కంచం ఆయన ముందు పెట్టేటప్పుడు కాస్త చప్పుడయ్యేలాగే పెట్టాను.

బస్తా పోయాక ఐదో ఆదివారం దారం తీసి ముత్యం కాలి దగ్గర కూర్చున్నాను. మామ వచ్చి నా చేతిలోంచి దారం లాక్కున్నాడు. తనే వంగి చుట్టాడు. కొసలు కలిశాయి. కలిసి, గోరెడు మిగిలింది. ఇంకోసారి చుట్టాడు. అంతే మిగిలింది.

లేచి ఇనప పెట్టె దగ్గరికి పోయి, జరీ గుడ్డల అడుగు నుంచి ఒక స్టీలు గ్లాసు తీశాడు. అంచు దగ్గర సొట్ట చూడగానే గుర్తుపట్టాను. చాందినికి కొలిచిన గ్లాసే. దాన్ని నేను ఆ ఏడాదే బయట పారేశాను. ఆయన ఏరుకొచ్చి దాచాడన్నమాట.

మినరల్ మిక్చర్ డబ్బా, ఆ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టాడు. కోపం ఏమాత్రం తగ్గలేదు, కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"కొల్వు," అన్నాడు. "యాభై గ్రాములంటే యాభై గ్రాములే. ఒక్క పలుకు ఎక్కువైనా, తక్కువైనా నేను ఊకోను."