జోగి కేసు ఓడిన వకీలు

అప్పు ఇస్తానన్న మనిషే వకీలుని కూడా తానే ఇస్తానన్నాడు.

ఆ మనిషి బర్మాలో మేమున్న ఊళ్ళో, పబేడాన్ పేటలో బంగారం కొట్టున్న సత్యప్రసాద్. మేము అద్దెకుంటున్న రెండు గదుల చెక్క ఇల్లు అమ్మకానికి వచ్చింది. ఇంటామె డో మ్యా ఏరవతల ట్వంటే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, ఇన్నేళ్ళూ ఉన్నారు కాబట్టి ముందు మిమ్మల్నే అడుగుతున్నానంది. నేను ఓడరేవులో మోసిందీ, నా భార్య ఎస్తరు బజారులో చెక్కలు వేయించి అమ్మిందీ దాచుకుంటూ వచ్చాం. పోయినేడు సర్కారు నోట్లు చెల్లవన్నప్పుడు అందులో సగం చిత్తుకాగితం అయిపోయింది. మిగిలింది చాలదు. ఇల్లు తాకట్టు పెడితే తక్కువైంది ఇస్తానన్నాడు సత్యప్రసాద్.

"వకీలు కర్సు కూడా నీకొద్దు మావా," అన్నాడు. "మా ఎడ్విన్ రాజు రెండు కాయితాలూ రాసేత్తాడు. కొన్న కాయితం, తాకట్టు కాయితం. మీ సంఘం మనిషే కదేటి."

ఎడ్విన్ రాజు మా గుడిలో పెద్ద. మంచివాడే. జబ్బు పడినవాళ్ళ ఇంటికి పిలవకుండానే వచ్చి ప్రార్థన చేసి వెళ్తాడు.

నాకున్నది పరదేశివని సర్కారిచ్చే ఫారినర్ పుస్తకం. కొత్త చట్టం ప్రకారం నా పేరు మీద ఇల్లు కొనకూడదు. ఎస్తరుకి ఈ దేశం కార్డు ఉంది. ఇల్లు ఆమె పేరు మీద ఉండాలనుకున్నాను. ఎడ్విన్ రాజు రాసుకొచ్చిన కాగితంలో కొనే మనిషి కో టున్. సత్యప్రసాద్ కొట్టులో పనిచేసే బర్మా అతను.

"ఇదేటి?" అన్నాను.

"అందరూ ఇలాగే చేస్తారు అన్నా. రిజిస్ట్రీ ఆఫీసులో మన మొహాలు చూస్తే తిప్పుతారు. బర్మా పేరైతే ఇట్టే అయిపోద్ది. పేరు ఆయనది, ఇల్లు మీది."

అందరూ అలాగే చేస్తారు, నిజమే. నాతో ఓడరేవులో మోసిన జోగి కూడా అలాగే చేశాడు. పక్కింటి బర్మా స్నేహితుడి పేరు మీద ఇల్లు కొన్నాడు. ఆ స్నేహితుడు బతికున్నన్నాళ్ళూ మాట తప్పలేదు. పోయాక కొడుకులు వచ్చారు. జోగి ఇప్పుడు లత పేటలో కూతురింటి వెనక వరండాలో ఉంటున్నాడు.

ఎస్తరు ముందుకి జరిగి కూర్చుంది. "ఒకపాలి సదవండి బాబూ. నాను తిరిగి సెప్తాను."

అది మా కూటాల్లో అలవాటు. చదువు రానివాళ్ళకి ఒకరు వాక్యం చదువుతారు, వాళ్ళు తిరిగి చెప్పాలి. మాట తప్పితే అందరూ ఆగుతారు. చదివినవాళ్ళు మళ్ళీ చదువుతారు. ఎస్తరుకి అక్షరం రాదు, కీర్తనలు మాత్రం అలాగే నోటికొచ్చాయి. మూడో తరగతి చదువుతో నేను కూడబలుక్కుంటూ ఉంటే, నా వేలు కదలకముందే ఆమె చెప్పేస్తుంది.

ఎడ్విన్ రాజు నవ్వాడు. "ఇదేమన్నా ప్రార్థన కూటమా అక్కా? కోర్టు భాష ఇది. విన్నా తెలీదు. నన్ను నమ్మవా?"

"నమ్ముతాను. సదవండి."

చదివాడు. రైలు వెళ్ళినట్టు చదివాడు. ఎస్తరు మొదటి మాట కూడా అందుకోలేకపోయింది. ఆయన వేలిముద్రకి సిరా డబ్బా తీశాడు. ఆమె చేతులు కొంగులో దాచుకుని లేచింది.

ఇంటికొచ్చాక ఆమే అడిగింది.

"ఏటంటావు?"

"మన వకీలు మనకుండాల."

మర్నాడు జోగి దగ్గరికి వెళ్ళాను. నీ కేసు ఎవరు చూశారని అడిగాను.

"డో ఖిన్ సాన్ అని ఒకావిడ. ఓడిపోయింది కదా."

"ఓడిపోతావని నీకు ఎప్పుడు సెప్పింది?"

"మొదటి దినమే. ఫీజు ముట్టుకోకుండానే సెప్పింది. పేరు నీది కాదు, రాత లేదు, ఓడిపోతావు అంది. నానే ఇనలేదు."

"ఆవిడ ఎక్కడుంటాది?"

"ఓడిన వకీలు కోసం ఎతుకుతున్నావేటి? నీకు మతి పోనాదా?"

"ఎక్కడుంటాదో సెప్పు."

లత పేటలోనే చీనావాళ్ళ అగరొత్తుల కొట్టు మీద మేడ, ఎస్తరుని తీసుకుని వెళ్ళాను. ఆవిడకి నా వయసుంటుంది. కింద వీధిలో విద్యార్థుల ఊరేగింపు వెళ్తోంది. ఆవిడ లేచి కిటికీ మూసి, బర్మా మాటలో అడిగింది.

"నేను ఎవరికి వకీలుని? మీకా, అప్పిచ్చే ఆయనకా?"

"మాకు."

"అయితే ఆయనకి ఆయన వకీలు ఉండాలి. ఇద్దరికీ ఒక్కరే అయితే, తగువొచ్చిన రోజున ఆ ఒక్కరు ఎటు నిలబడతారు?"

ఎస్తరు తన పేరు మీద అయితే కష్టమా అని అడిగింది. కష్టం కాదు, ఆలస్యం అంది ఆవిడ. కాగితం ఎలా ఉండాలో ఒక్కో వరుసే చదివింది. ఎస్తరు తిరిగి చెప్పింది. తప్పినచోట ఆవిడ విసుక్కోలేదు. అర్థం కాని మాట తీసేసి సులువైన మాట పెట్టింది. లేచేముందు ఒక్క షరతు చెప్పింది. ఆఫీసులో నమోదయ్యేదాకా డబ్బు చేతులు మారకూడదు.

ఆ నెలలోనే సర్కారు దిగిపోవాలని ఊరంతా రోడ్డు మీదికి వచ్చింది. ఆఫీసులు మూతపడ్డాయి. వకీళ్ళు కూడా నల్లకోట్లతో బారులు తీరి నడిచారు. ఆ బారులో డో ఖిన్ సాన్‌ని నేను చూశాను. ఆ తర్వాత తుపాకులు పేలాయి. ఆవిడ మేడకి తాళం.

సత్యప్రసాద్ మా గుమ్మంలోకి వచ్చాడు. "సూసావా మావా, నీ వకీలు జెండా పట్టుకుని తిరుగుతోంది. డో మ్యాకి ఇంకో బేరం వచ్చిందట. రేపొచ్చి ఎడ్విన్ రాజు కాడ ఏలిముద్ర వెయ్యండి. లేదంటే అప్పు లేదు."

"లేకపోతే లేదు," అన్నాను.

అతను వెళ్ళాక ఎస్తరు పొయ్యి ఎగదోస్తూ అడిగింది.

"ఇల్లు పోతాదేటి?"

"పేరు నీది కాకపోతే ఇప్పుడే పోయినట్టు."

పడవలు సరిగ్గా నడవడం లేదు. దొరికిన పడవలో ఏరు దాటి, లారీ వెనకెక్కి ఇద్దరమూ ట్వంటే వెళ్ళాం. డో మ్యా కూతురింట్లో పచ్చికుండలు ఎండబెడుతోంది. ఆఫీసు తెరిచేదాకా డబ్బు ఇవ్వలేమని చెప్పాను. ఎప్పుడు తెరుస్తారని అడిగింది. తెలీదన్నాను.

"అవతలాయన ఇవాళే ఇస్తానంటున్నాడు," అంది.

ఎస్తరు ఆవిడ పక్కన కూర్చుని ఒక కుండని నీడలోకి జరిపింది. "ఇవాళ ఇచ్చిన నోటు రేపు చెల్లుతుందా డో మ్యా? పోయినేడు మనం చూశాం కదా. నీ ఇల్లు నీ దగ్గరే ఉంచుకో. అద్దె ఇస్తూనే ఉంటాం. ఆఫీసు తెరిచిన రోజున ఏ నోటు చెల్లితే ఆ నోటు తెస్తాం."

డో మ్యా కూతురి వైపు చూసింది. కూతురు సరేనని తలాడించింది. భోజనం చేసి వెళ్ళమన్నారు.

తిరుగు పడవలో నాకు సత్యప్రసాద్ తొందర అర్థమైంది. డో మ్యా భయమే అతనికీ ఉంది. పెట్టెలో నోట్లు చెల్లకుండా పోయేలోగా అవి అప్పుగా ఏదో ఒక ఇంటి మీదికి ఎక్కాలి. మర్నాడు కొట్టుకి వెళ్ళి ఆ మాటే అన్నాను.

"తొందర నీ నోట్లకి, సత్యప్రసాద్. మాకు లేదు. ఇల్లు ఎస్తరు పేరు మీద ఉంటాది. నీ తాకట్టు నీకుంటాది. నీ వకీలు నీకు, నా వకీలు నాకు. ఇష్టమైతే ఇవ్వు."

"మాటాడవు మాటాడవు గానీ, మాటాడితే మనిషిని మింగేత్తావు మావా," అన్నాడు. వద్దని మాత్రం అనలేదు.

సైన్యం దిగింది. వీధులు సద్దుమణిగాయి. వాన వెనకబట్టాక ఆఫీసులు తెరిచారు. డో ఖిన్ సాన్ మేడకి తాళం తీసి ఉంది. ఆవిడ చిక్కిపోయింది. ఎక్కడున్నారని నేను అడగలేదు. ఆవిడ మా కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

రిజిస్ట్రీ ఆఫీసులో గుమస్తా నా పుస్తకం చూసి మళ్ళీ రమ్మన్నాడు. మళ్ళీ వెళ్ళాం. అధికారి లేడన్నారు. మళ్ళీ వెళ్ళాం. గుమ్మంలో సిపాయికి మా మొహాలు గుర్తుండిపోయాయి, సంచి వెతకడం మానేశాడు. చివరికి ఒక పొద్దున్న పిలిచారు. డో మ్యా వచ్చింది. బల్లకి ఒక పక్క సత్యప్రసాద్, ఎడ్విన్ రాజు. ఇంకో పక్క మేము, మా వకీలు.

గుమస్తా సిరా డబ్బా జరిపాడు. ఎస్తరు చేతులు వెనక్కి పెట్టుకుంది.

"సదవమను," అంది నాతో.

"అక్కా, ఇక్కడ కూడానా," అన్నాడు ఎడ్విన్ రాజు.

డో ఖిన్ సాన్ చదవడం మొదలుపెట్టింది. ఎస్తరు తిరిగి చెప్తోంది. వెనక వరసలో ఉన్నవాళ్ళు గొణిగారు. గుమస్తా పెన్ను కింద పెట్టి కుర్చీలో వెనక్కి వాలాడు. ఇంటి హద్దుల దగ్గర ఎస్తరుకి ఒక మాట తప్పింది. అదే సమయానికి డో ఖిన్ సాన్‌కి దగ్గు తెర వచ్చింది, ఆగలేదు. ఎస్తరు చుట్టూ చూసింది. ఎవరూ అందించలేదు.

బల్లకి అటు పక్కనుంచి ఎడ్విన్ రాజు వంగాడు. గుడిలో ఎప్పుడూ చేసే పనే. వరుస మీద వేలు పెట్టి, మొదటినుంచి, నెమ్మదిగా, మళ్ళీ చదివాడు.

ఎస్తరు చెప్పింది. ఈసారి తప్పలేదు. కొన్న మనిషి పేరు దగ్గర గొంతు కొంచెం పెంచి, చేతులు ముందుకి తెచ్చింది.