దిష్టి తీసి పారేసిన మూత

కుక్కరు మూత కోసం కంపెనీ మనిషి ఇంటి ముందుకొచ్చి నిలబడేదాకా, తాను చేసిన పని తప్పని ఈరమ్మకు తోచనే లేదు.

వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకడు హైదరాబాదు నుంచి వచ్చిన ఆఫీసరు. రెండోవాడు నాగన్న, వనపర్తిలో ఆ కుక్కరు అమ్మిన దుకాణంలో గుమాస్తా. పక్క ఊరివాడే. ఆఫీసరు కొత్త కుక్కరు డబ్బాను అరుగు మీద పెట్టి, దాని మీద ఐదువేల రూపాయలు పెట్టి, పెళ్లికి కట్నం చదివించినవాడిలా నవ్వాడు.

"జరిగిందేదో జరిగిపోయిందమ్మా. ఈ కాగితం మీద సంతకం చేయండి. పాత కుక్కరు, మూతతో సహా మాకిచ్చేయండి. కేసులూ గీసులూ మీకెందుకు?"

ఈరమ్మ ఒళ్లో మనవరాలు వర్ష ఉంది. నాలుగేళ్ల పిల్ల. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు. నెల కిందట కోడలు సుహాసిని ఉలవలు ఉడకబెడుతుంటే కుక్కరు మూత బాంబులా లేచి వాసాలకు కొట్టుకుంది. కాగిన ఉలవకట్టు అంతా పక్కనే ఆడుకుంటున్న పిల్ల చేతి మీద పడింది. కర్నూలు దవాఖానలో పదిహేను రోజులున్నారు. పుండ్లు మానుతున్నాయి గానీ వేళ్లు ఒకదానికొకటి అతుక్కుని లోపలికి ముడుచుకుపోతున్నాయి. ఏడాది లోపల ఆపరేషను చేస్తేనే తెరుచుకుంటాయనీ, అరవై వేలు అవుతుందనీ డాక్టరు చెప్పాడు. కౌలు చేలో ఆముదాలు పండించే ఇంట్లో అరవై వేలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఆఫీసరు పెట్టిన ఐదువేలు చూసి సుహాసినికి ఒళ్లు మండింది.

"మూత ఇయ్యం. సంతకం పెట్టం. మీ సామాను మీరు తీస్కపోండ్రి."

ఆ తెగువ ఆమెకు దేవదాసు సారు ఇచ్చింది. వనపర్తిలో పంతులు, వినియోగదారుల సంఘం నడుపుతాడు. కంపెనీకి నోటీసు పంపింది ఆయనే. ఆయన చెప్పిన మాట ఒక్కటే: ఆవిరి పోయే దారికి పొట్టు అడ్డం పడితే, మూతకున్న సేఫ్టీ ప్లగ్గు కరిగి ఆవిరిని వదిలేయాలి. మూత ఎగిరినా ప్లగ్గు కరగకుండా అట్లాగే ఉంటే, తప్పు నూటికి నూరుపాళ్లు కంపెనీది. ఆ మూత చేతిలో లేకపోతే మాత్రం, ఉలవలు ఎక్కువ పోసి మీరే పేల్చుకున్నారని తోసిపారేస్తారు. సోమవారం మూత తీసుకుని రమ్మన్నాడు.

వచ్చినవాళ్లు వాకిలి దాటి బయటికి పోయారు. సుహాసిని అటక మీద చెయ్యి పెట్టి వెతికింది. గంపల వెనక చూసింది. మంచం కింద చూసింది.

"అత్తా, కుక్కరు ఏడ పెట్టినవ్?"

ఈరమ్మ ఒళ్లోని పిల్లను దగ్గరికి అదుముకుంది.

"పిల్ల దవాఖాన నుంచి వచ్చిన నాడే దిష్టి తీసి పారేసిన బిడ్డా. పిల్లను కాల్చిన సామాను ఇంట్ల ఉంచుకుంటమా? నిమ్మకాయ, మిరపకాయలతోని మూడు తాపలు తిప్పి, మూడు తొవ్వల కాడ ఇడిసొచ్చిన."

"అయ్యో అత్తా! మూడు తొవ్వల కాడ పారేసినవా? నా కొంప ముంచితివి గదనే!" సుహాసిని కేక వాడంతా వినిపించింది. వాడంతా అంటే, గోడ అవతల ఇంకా మోటారు సైకిలు ఎక్కని ఆ ఇద్దరికి కూడా.

బండి చప్పుడు వినగానే అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వర్షను పక్కింటి రాధమ్మ చేతిలో పెట్టి పరుగందుకున్నారు. బండి వెళ్లాలంటే గుంతల బాట పట్టుకుని నెమ్మదిగా చెరువు మత్తడి చుట్టూ తిరగాలి. చేలకు అడ్డంపడి పోతే దూరం నాలుగో వంతే. కానీ అదైనా అర మైలు ఉంటుంది. ఈరమ్మకు అరవై దాటాయి. మోకాళ్లు పట్టేస్తున్నాయి, ఆముదపు చెట్లు మొహానికి కొడుతున్నాయి. చేసిన తప్పు వెంటపడి తరుముతుంటే మోకాళ్ల మాట ఎవరు వింటారు? ఆమె కోడలి వెనక పది అడుగుల దూరంలోనే ఉంది.

పాన్‌గల్ బాట, వాళ్ల ఊరి బాట, గుట్ట వైపు బండ్ల బాట కలిసే చోట కుక్కరు బోర్లా పడి ఉంది. పక్కనే మూత. మూత మీద పసుపు, కుంకుమ, ఎండి నల్లబడిన నిమ్మచెక్కలు. రెండు వారాలుగా ఆ తోవన బళ్లు పోయాయి, గొర్ల మందలు పోయాయి, పాత ఇనుము ఏరుకునేవాళ్లు కూడా పోయారు. ఎవరూ దాని నీడ తొక్కలేదు. తొక్కకుండా ఎట్లా పోయారో దుమ్ములో చక్రాల జాడలే చెబుతున్నాయి. కుక్కరు దగ్గరికి రాగానే ప్రతి జాడా ఓ బారెడు పక్కకు తప్పుకుంది.

సుహాసిని వంగబోయింది. ఈరమ్మ ఆమె రెక్క పట్టి వెనక్కి లాగింది.

"నువ్వు ముట్టకు! తల్లివి. నీ చేతులెంబడి మల్ల పిల్లకే తగుల్తది."

"తగిలితే తగలనీ అత్తా! ఇడువు! చెయ్యే పోతుంటె ఇంకేం తగిలేది?"

అప్పుడే మోటారు సైకిలు మలుపు తిరిగింది. నాగన్న ఇరవై గజాల దూరంలో బ్రేకు వేశాడు. ఆఫీసరు వెనక నుంచి వాడి భుజం తట్టాడు.

"ఆపావేం? పోయి తీసుకురా."

"నా తోని కాదు సార్. అది దిష్టి సామాను."

"చదువుకున్నావు కదయ్యా!"

"చదువుకున్న సార్. పిల్లలు గూడ ఉన్నరు."

ఆఫీసరు చిరాగ్గా దిగి తానే నడుచుకుంటూ వచ్చాడు. వాడి పట్నపు బూట్లకు ఏ భయమూ లేదు. పది గజాలు. ఐదు గజాలు. సుహాసిని అత్త పట్టు విడిపించుకోవడానికి గింజుకుంటోంది. ఈరమ్మకు ఆ క్షణంలో రెండే కనిపించాయి: ముడుచుకుపోతున్న ఆ చిన్న వేళ్లు, ఆ బూట్లు. దిష్టి తీసినవాళ్లే దాన్ని మళ్లీ ముట్టుకుంటే, పోయిందంతా వాళ్ల నెత్తికే చుట్టుకుంటుందని ఆమె పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వింటున్న మాట. దాన్ని ఆమె అనుమానించింది లేదు. ఇప్పుడు కూడా అనుమానించలేదు. నమ్ముతూనే వంగింది. మూతను రెండు చేతులా ఎత్తి, కొంగులో చుట్టి కడుపుకు అదుముకుంది.

"అది కంపెనీ సరుకమ్మా, ఇట్లా ఇయ్యి," అన్నాడు ఆఫీసరు చెయ్యి చాపి.

"మీ కంపెనీ సరుకు నా మనుమరాలి చెయ్యి తిన్నది. వచ్చి గుంజుకో సూద్దాం," అంది ఈరమ్మ. చేలల్లోంచి ఇద్దరు ముగ్గురు కూలివాళ్లు లేచి నిలబడి చూస్తున్నారు. ఆఫీసరు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కేసు మహబూబ్‌నగర్ వినియోగదారుల ఫోరంలో ఐదు నెలలు నడిచింది. ఆ ఐదు నెలలూ ఈరమ్మ తన చావు కోసం ఎదురుచూసింది. దగ్గు వస్తే ఇదే కాబోలు అనుకునేది. కాలు జారితే ఇదే అనుకునేది. ఎవరితోనూ చెప్పుకోలేదు.

ఆఖరి వాయిదా నాడు కంపెనీ వకీలు లేచాడు. మాటకారి. "మూత మీద ప్లగ్గు కరగలేదంటున్నారు. ఒప్పుకుంటాను. కానీ అది పద్నాలుగు రోజులు నడిరోడ్డు మీద పడి ఉంది. వాళ్లే చెబుతున్నారు. ఎవరైనా ప్లగ్గు మార్చి ఉండొచ్చు. దారినపోయే ఎవరి చెయ్యి పడిందో ఎవరికి తెలుసు?"

ఫోరం అధ్యక్షుడు తల ఊపాడు. దేవదాసు సారు మొహం వాడిపోయింది. చట్టం పుస్తకం పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పుతూనే ఉన్నాడు. సుహాసిని అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతా అయిపోయిందని ఇద్దరికీ అర్థమైంది.

ఈరమ్మ లేచింది. ఎవరూ పిలవలేదు. బల్ల దగ్గరికి పోయి గుడ్డ మూట విప్పి, పసుపు కుంకుమ చెరగని మూతను వకీలు ముందుకు చాపింది.

"సారూ, నువ్వు పాలమూరోనివే గద. ఇది నా మనుమరాలికి తిప్పి తీసిన దిష్టి. జర ముట్టుకో."

వకీలు చేతులు వాటంతటవే నల్లకోటు వెనక్కి పోయాయి. కుర్చీ కూడా ఒక జానెడు వెనక్కి జరిగింది. జరిగాక గానీ తానేం చేశాడో ఆయనకు తెలియలేదు. హాలులో ఎవరో కిసుక్కుమన్నారు. అధ్యక్షుడు మాత్రం నవ్వలేదు.

"రోడ్డు మీద ఎవరి చెయ్యి పడిందో తెలియదన్నారు కదా," అన్నాడాయన. "మీ చెయ్యే పడలేదు."

వకీలు కుర్చీని ముందుకు లాక్కుని కూర్చున్నాడు. అధ్యక్షుడు ఈరమ్మ వైపు తిరిగాడు.

"మరి నువ్వెట్లా ముట్టుకున్నావమ్మా?"

ఈరమ్మకు అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"నా తప్పుకు నేను ముట్టిన సారూ. వచ్చేదేదో నాకే రానీ అనుకున్న. నేను ఎన్నేండ్లు బతుకుత? ఆ పిల్ల ఆ చేత్తోనే ఇంక జిందగీ అంత బతకాలె గద."

పక్కన నిలబడి వింటున్న సుహాసినికి అత్త ఇన్నాళ్లూ రాత్రిళ్లు ఎందుకు నిద్రపోలేదో అప్పుడు తెలిసింది. అధ్యక్షుడు కళ్లద్దాలు తీసి తుడుచుకుని చాలాసేపు రాశాడు. ఆపరేషను ఖర్చు మొత్తం నెలలోపు కట్టాలనీ, పిల్లకు జరిగిన నష్టానికి పైన లక్షన్నర ఇవ్వాలనీ ఆ రాత.

సాక్ష్యంగా మూతను సీలు చేయమని చెబితే బంట్రోతు కవరు పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. "లోపల నువ్వే ఎయ్యి పెద్దమ్మా," అన్నాడు. ఈరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, మూతను తానే కవరులో వేసింది.