బండి కింది పని

షెడ్డులో వ్యాను కింద గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా పడుకున్న తుప్పాయన, వెనక షాకబ్జార్బరు గొట్టాన్ని తీగ బ్రష్షుతో రుద్దుతున్నాడు. ఎర్రటి పొడి కనుబొమ్మల మీద రాలుతోంది. సముద్రం పక్కనే ఉన్న ఊరు. ఉప్పుగాలి ఇనుమును ఊరికే ఉండనివ్వదు. బళ్ల అడుగున పట్టే ఆ తుప్పుతో పోట్లాడుతూనే ఆయన జుట్టు నెరిసింది. ఊరంతా తుప్పాయన అనే పిలుస్తుంది; అసలు పేరు ఇంట్లోవాళ్లకే గుర్తుంది.

గొట్టానికి తుప్పు వదిలాక ప్రైమరు పూశాడు. అది ఆరాక నల్లరంగు వేశాడు. గొట్టంలోంచి పైకి వచ్చే మెరుపు కడ్డీకి మాత్రం బ్రష్షు తగలనివ్వలేదు, రంగు అంటనివ్వలేదు. ఉప్పుబురద కడిగి మెత్తటి గుడ్డతో తుడిచాడు. దాని మీద గీత పడితే అందులో తుప్పు చేరుతుంది, తుప్పు సీలును కోస్తుంది, నూనె కారిపోతుంది. ఆపైన బండి ప్రతి గోతిలోనూ ఎగిరెగిరి పడుతుంది. రెండోవైపుది అలాగే పోతే కిందటి వారమే కొత్తది వేశాడు.

వ్యాను ఆయన బావమరిదిది. పక్కన గొంతుక్కూర్చుని చూస్తున్నాడు.

“మా అక్కనైనా ఎప్పుడన్నా ఇంత ముద్దుగా చూసుకున్నావా బావా?”

“మీ అక్క నీ బండిలా మూలగదురా.”

అది నిజమే. వెన్నులో గడ్డ మొదలైనప్పటినుంచి ఆమెను ఆస్పత్రికి ఈ వ్యానులోనే తీసుకెళ్తున్నారు. కిందటిసారి గోతుల కుదుపులకు పంటికింద పెదవి నలిగి నెత్తురొచ్చింది గాని ఆమె కిక్కురుమనలేదు. ఇంటికొచ్చాక మాత్రం, “ఇంక నన్ను ఆ బండెక్కించొద్దు” అంది. నొప్పి తగ్గే మందు ఆస్పత్రిలోనే ఎక్కించాలి. ఆ రోజునుంచి ఆయనకు అన్నం సహించలేదు.

మధ్యాహ్నం చేతులు కడుక్కుని ఇంటికి వెళ్లేసరికి ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

“బండి బాగుచేశాను. ఒక్కసారి ఎక్కు. నొప్పనిపిస్తే అక్కణ్ణించే వెనక్కి తిప్పిస్తాను.”

“నీ పని మీద నీకంత నమ్మకమా?”

“నీకు లేదా?”

ఆమె ఇటు తిరిగింది. తర్వాత, లేపమన్నట్టు చెయ్యి చాపింది.

బావమరిది వ్యాను తోలుతుంటే, వెనక ఆయన పక్కన ఆమె ముందు సీటు కడ్డీని గట్టిగా పట్టుకుని కూర్చుంది. వంతెన దాటాక గోతుల దారి వచ్చింది. బండి మెత్తగా దిగి, మెత్తగా లేచింది. మళ్లీ దిగింది, లేచింది. ఆయన రోడ్డువైపు చూడలేదు; ఆమె వేళ్లనే చూస్తున్నాడు. అవి మెల్లగా వదులై, చెయ్యి ఒళ్లోకి వచ్చింది.

“రోడ్డేశారా ఏంటి?”

“లేదు. ఆ గోతులే.”

“ఊళ్లోవాళ్ల బళ్లన్నీ అయ్యాక మా వంతొచ్చిందన్నమాట.”

ఆయన నవ్వబోయి ఊరుకున్నాడు. ఆమె మాత్రం నవ్వింది. ఆయన భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకుంది.

ఆస్పత్రి గేటు దగ్గర బావమరిది వేగం తగ్గించాడు.

“అక్కని లేపు బావా.”

భుజం మీద తల బరువెక్కింది. మెడకు తగులుతూ వచ్చిన ఊపిరి తగలడం లేదు. ఆయన ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. జారిన పైట సరిచేశాడు.

“ఇంకాస్త ముందుకు పోనీరా,” అన్నాడు. “మెల్లగా.”

బావమరిది అద్దంలో చూశాడు. లోపలికి తిప్పలేదు. గేటు దాటించి పోనిచ్చాడు.

సాయంత్రం ఆమెను ఇంట్లోకి చేర్చాక, తెరిచి ఉన్న వ్యాను తలుపు వెయ్యడానికి ఆయన బయటికి వచ్చాడు. సీటు కింద ఆమె చెప్పులు, విడిచినవి విడిచినట్టే, పక్కపక్కన ఉన్నాయి.