కానుగ చెట్ల వైపు మైకు వద్దు

పొద్దున చట్నీకి మిక్సీ వేస్తే చాలు, ఓబిలేష్ హాల్లోంచి కేకేస్తాడు. "ఆపు సరళా, వార్తలు ఇనపడల్యా." పదకొండేళ్ల కాపురంలో ఆమె చేసే పని అతనికి రొద. ఆమె ఏదైనా చెప్పబోతే టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే చెయ్యి అడ్డం పెడతాడు.

సరళ పార్కుల ప్లాన్లు గీసే ప్రైవేటు ఆఫీసులో పనిచేస్తుంది. కొత్త పార్కులో ఆరు మైకులు యాడ పెట్టాలో గుర్తులు పెట్టుకొని రమ్మన్నాడు యజమాని శ్రీరంగప్ప. "పాటలుంటేనే జనం వస్తారమ్మా."

పాటలు లేకుండానే జనం అప్పటికే వస్తున్నారు. పది రోజులు రెండు పూటలా తిరిగి, ఎవరు ఎక్కడ ఎంతసేపు కూర్చుంటున్నారో, అక్కడ ఏం వినపడుతుందో పుస్తకంలో రాసుకుంది సరళ. గేటు దగ్గర లారీల హారన్లు, మగవాళ్ల పేకాట. వెనక కానుగ చెట్ల కింద ఆడవాళ్లు. వీధులూడ్చే మారెక్క అక్కడే చెప్పింది. "ఇంట్లో నా గొంతు నాకే ఇనపడదు తల్లీ. ఈడైతే ఇనపడతాది." బస్సులో తిరిగొస్తూ సరళ వెతుక్కుంది, తను చివరిసారి ఒక మాట మొదలుపెట్టి పూర్తిగా చెప్పింది ఎప్పుడని. గుర్తుకు రాలేదు.

వెనక వైపు మైకు వద్దని, రోడ్డు చప్పుడు ఆపడానికి గుబురు చెట్లు నాటాలని ప్లాన్ గీసింది. "ఆడోళ్ల సోది కోసరం మైకులు మానుకుంటారా?" అని నవ్వి, శ్రీరంగప్ప ఆరు మైకుల ప్లానే పార్కు కమిటీ ముందు పరిచినాడు. సరళకు టీలు అందించే పని చెప్పినాడు.

ఆమె ట్రే కింద పెట్టింది. తన ప్లాన్ శ్రీరంగప్ప ప్లాన్ పక్కనే పరిచింది. "పది రోజులు ఆడ తిరిగింది నేను సార్. నేను చెప్తా."

చివరిదాకా చెప్పింది. కమిటీ పెద్ద అంజినప్ప ప్లాన్ మీద కానుగ చెట్ల చోట వేలు పెట్టాడు. "మా ఇంటామె సాయంత్రం పోయేది ఈడికేనా? ఇన్నాళ్లూ నేను అడగనేలేదే." తర్వాత తలెత్తాడు. "ఈ పాప గీసినట్టే కానీండి."

ఆరు మైకుల్లో రెండే మిగిలాయి, అవీ గేటు దగ్గరే ఆగిపోయాయి. వెనక మొక్కలు నాటిన సాయంత్రం సరళ పుస్తకం లేకుండా వెళ్లి మారెక్క పక్కన కూర్చుంది. మొదలుపెట్టిన మాట ఆగలేదు.

ఫోన్ మోగింది. "యాడుండావు? అన్నం పొద్దయింది" అన్నాడు ఓబిలేష్.

"ఆకలైతే వండుకో," అంది నెమ్మదిగా. "నేను చెప్పాల్సింది ఇంకా శానా ఉండాది."